శాంతమ్మ కార్డు మీద నా ఇరవై రెండు వేలు

శాంతమ్మక్క కార్డు మీదికి నా అప్పు ఎక్కించింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి ఊరించేంత గొప్ప సంగతేమీ కాదు. దొంగతనం. దానికి బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అని పేరు పెట్టుకున్నాను, అంతే.

నా పేరు ఓబులేసు. బెంగుళూరు కాటన్‌పేటలో ఒక లారీ ఆఫీసులో బుకింగ్ గుమాస్తాని. మా తాత హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. ఏడో తరగతితో బడి మానేశాను. లారీ రసీదులు, పాత పేపర్లు, కార్మిక చట్టాల పుస్తకాలు పట్టుకుని కుస్తీ పడి ఇంగ్లీషు నేర్చుకున్నాను. హమాలీలకి సంఘం పెట్టాను. మూటకి పావలా పెంచమని పందొమ్మిది రోజులు సమ్మె చేయించి పెంచి చూపించాను. ఆ చుట్టుపక్కల ఓబులేసు మాట అంటే మాటే.

ఆదివారం పొద్దున ఆఫీసు అరుగు మీద కూర్చుంటే జనం కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. రేషన్ కార్డు, ఇన్సూరెన్సు, బ్యాంకు, కోర్టు నోటీసు. చదివి చెప్పేవాణ్ణి. నింపేవాణ్ణి. పైసా తీసుకునేవాణ్ణి కాదు. మా వాళ్ళలో ఒక అలవాటు ఉండేది. ఫారం నింపాక మళ్ళీ సంతకానికి రావాలంటే ఒక పూట కూలి పోతుంది. అందుకని ముందే సంతకం పెట్టేసి, ఖాళీ ఫారం నా చేతిలో పెట్టి పోయేవాళ్ళు. వాళ్ళ సందుల్లోకి కొరియర్ వాడు వచ్చేవాడు కాదు. ఉత్తరాలన్నీ లారీ ఆఫీసు అడ్రసుకే. సంతకమూ నా దగ్గరే, ఉత్తరమూ నా దగ్గరే. ఒక మనిషిని దొంగని చెయ్యడానికి ఇంతకంటే ఏం కావాలి? కాదు, ఆ మాట తప్పు. వాళ్ళు నన్ను దొంగని చెయ్యలేదు. నేనే అయ్యాను.

అప్పు ఎలా అయిందో చెప్పాలి. సమ్మె రోజుల్లో హమాలీల ఇళ్ళలో బియ్యం అయిపోతే నా నీలం క్రెడిట్ కార్డు గీకి ఆరు వేల రూపాయల బియ్యం కొన్నాను. ఈ ముక్క చాలామందికి చెప్పుకున్నాను. చెప్పుకోనిది మిగతా పదహారు వేలు. రంగుల టీవీ. మెజెస్టిక్ దగ్గర బిర్యానీలు. ఒక కోటు, దాన్ని రెండుసార్లు వేసుకున్నాను. కార్డు తీస్తే టై కట్టుకున్నవాడు లేచి ‘సార్’ అంటాడు. అంతకు ముందు నన్ను ఎవడూ సార్ అనలేదు. ఆ పిలుపు కోసం తగలేశాను.

నీలం కార్డు వాడు నెలకి నూటికి మూడు రూపాయల వడ్డీ వేశాడు. అదే వడ్డీ గుంజుతున్నాడని కాటన్‌పేటలో ఒక వడ్డీవ్యాపారి గడప ముందు నేను ధర్నా చేయించాను. బ్యాంకు వేస్తే మాత్రం నోరు మూసుకుని కట్టాను. అప్పుడు ఆకుపచ్చ కార్డు వాడు వచ్చాడు. నీ నీలం కార్డు బాకీ మొత్తం మేం కట్టేస్తాం, ఆరు నెలలు వడ్డీ సున్నా, నిదానంగా మాకు తీర్చుకో అన్నాడు. బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటే ఇంతే. బాకీ ఈ కార్డు నుంచి ఆ కార్డుకి మారుతుంది. తీరదు. కానీ సున్నా అనే మాట మనిషిని మత్తులో పెడుతుంది. ఆరు నెలలు నాకు అప్పే లేనట్టు తిరిగాను. ఖాళీ అయిన నీలం కార్డు మళ్ళీ గీకాను. ఏడో నెల వచ్చేసరికి రెండు కార్డులూ నిండి ఉన్నాయి. నీలం మీదిది నానా చావూ చచ్చి తీర్చి దాన్ని విరిచేశాను. ఆకుపచ్చ మీద ఇరవై రెండు వేలు నిలిచిపోయింది. ఇంకో బ్యాంకుని అడిగితే, మీరు రెండు నెలలు ఆలస్యంగా కట్టారు, మీకు కార్డు ఇవ్వం అన్నారు.

సరిగ్గా అప్పుడే శాంతమ్మక్క తన కాగితాలు తెచ్చింది. రెండు వేల ఆరు జనవరి.

శాంతమ్మక్క చీర కొంగులకి కుచ్చులు కడుతుంది. నగర్తపేట చీరల అంగళ్ళ నుంచి మూట తెచ్చుకుని ఇంట్లో కూర్చుని కడుతుంది. భర్త పోయి పదేళ్ళు. ఇరవై ఏళ్ళు దారం, సూది చూసి చూసి కళ్ళు మసకబారాయి. ఆమె సేవింగ్స్ ఖాతా ఉన్న బ్యాంకు వాళ్ళు పిలిచి మరీ వెండి రంగు కార్డు ఇస్తామన్నారు. పాతిక వేల లిమిట్. దరఖాస్తుతో పాటు బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ ఫారం కూడా కుట్టి ఇచ్చారు. ఆమె అన్నిటి మీదా తెలుగులో సంతకం పెట్టేసి నాకిచ్చింది.

“ఇది ఇప్పుడే వాడనప్పా,” అంది. “పెట్టెలో పెట్టుకుంటా. ఎప్పుడన్నా పీకో మిషన్ సగం ధరకి దొరికితే, ఆ పొద్దు తీస్తా. కళ్ళు పోకముందే మిషన్ మీదికి మారల్ల.”

ఆ సాయంత్రం ఆ రెండో ఫారంలో ‘మీ ఇతర బ్యాంకు కార్డు నంబరు’ అన్న గళ్ళలో నా ఆకుపచ్చ కార్డు పదహారు అంకెలు రాశాను. ఇరవై రెండు వేలు అని రాశాను. అప్పట్లో పేరు ఎవడూ చూడలేదు, నంబరూ సంతకమూ ఉంటే చాలు. గుండ్రంగా, నీటుగా రాశాను. ఆ నంబరు పేరిట శాంతమ్మక్క బ్యాంకు పంపిన చెక్కు లారీ ఆఫీసుకే వచ్చింది. తీసుకెళ్ళి ఆకుపచ్చ బ్యాంకు డ్రాప్ బాక్సులో వేశాను. కార్డు మాత్రం అక్కకి ఇచ్చాను. పసుపు గుడ్డలో చుట్టి దాచుకుంది.

ఆరు నెలల్లో తీర్చేద్దామనుకున్నాను. ఒట్టేసి చెప్పగలను, కానీ నా ఒట్టుకి విలువెంత? మొదటి నెల మూడు వేలు కట్టాను. తర్వాత కనీసపు మొత్తం. తర్వాత అదీ రెండు నెలలు ఎగ్గొట్టాను. స్టేట్‌మెంట్లు నా టేబుల్ సొరుగులోకే వచ్చేవి. ఆగస్టులో సున్నా ముగిసి మూడు రూపాయల వడ్డీ మొదలైంది. ఖాళీ అయిన ఆకుపచ్చ కార్డు? మళ్ళీ గీకాను. బుద్ధి రాలేదు.

సెప్టెంబరులో ఒక బుధవారం, పదకొండు గంటలకి, శాంతమ్మక్క లారీ ఆఫీసు గుమ్మంలో నిలబడింది. ముఖం వెలిగిపోతోంది.

“ఏమప్పా ఓబులేసూ, పని జాస్తి ఉండాదా? అరగంట రా. మిషన్ దొరికింది.”

నగర్తపేటలో బసవరాజు అనే అతను కుట్టుమిషన్ల అంగడి మూసేస్తున్నాడు. పీకో మిషన్ పద్దెనిమిది వేల ఐదు వందలకి ఇస్తానన్నాడు. దీపావళికి నెల. చీరల అంగడి వాళ్ళు చెప్పేశారట: శుక్రవారంలోగా ఎవరి దగ్గర మిషన్ ఉంటే ఆ సీజన్ ఫాల్సు, పీకో పనంతా వాళ్ళకే. ఆ పని వస్తే ఇక సూది పట్టనక్కరలేదు. రాకపోతే ఉన్న చూపుతో ఎన్నాళ్ళు కుచ్చులు కడుతుంది?

“రేపు పోదామక్కా. ఈ రోజు హుబ్బళ్ళి లోడు ఉంది.”

“రేపటికి ఆయప్ప అంగడి కాలీ. ఇంగొగరు అడ్వాన్సు ఇస్తామంటా నిలబడుండారు. కార్డు గీకితే వచ్చే సీటీ మీద ఇంగ్లీషులో ఉంటాదంట, నువ్వు సదివితే నేను సంతకం ఏస్తా. రారా, తమాషా సేస్తావా?”

“కార్డుతో వద్దక్కా. వడ్డీ వేస్తారు. చీటీ పాడుకో.”

“నువ్వే గదా సెప్తివి, ఒగ నెలలోపల కడితే వడ్డీ లేదని?”

అవును. నేనే చెప్పాను.

నడిచాం. దారిపొడుగునా ఆమె మాట్లాడుతూనే ఉంది. మిషన్ ఎక్కడ పెట్టాలో, మంచం అడ్డం తిప్పాలని, పక్కింటి పల్లవికి నేర్పి రెండో షిఫ్టు నడపాలని. ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకున్నాను. ఈ మలుపు దాటాక. ఆ పాత్రల అంగడి దాటాక. ఊరందరి ముందు మైకు పట్టుకుని మంత్రినైనా తిట్టగలిగినవాణ్ణి, ఒక ఆడమనిషికి ఒక వాక్యం చెప్పలేకపోయాను. కార్డు గీకే మెషిన్ పాడై ఉండాలని, లైను దొరక్కూడదని మొక్కుకున్నాను. దేవుణ్ణి నమ్మనివాణ్ణి, మొక్కుకున్నాను.

బసవరాజు కన్నడ మనిషి. ముప్పై ఏళ్ళ నుంచి మా వాళ్ళతో వ్యాపారం చేసి మా తెలుగే మాట్లాడతాడు.

“బాక్కా, రా. ఓబులేసన్నని కూడా పిల్చుకొచ్చినావా? అయితే బేరం ఆడేది లేదు నేను. ఈయప్ప నా అంగడి ముందర కూడా ధర్నా పెడతాడు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అక్క పసుపు గుడ్డ విప్పి కార్డు తీసింది. మీద అంటించిన కాగితం కూడా పీకలేదు, అంత కొత్తగా ఉంది. బసవరాజు గీకాడు. కార్డు మెషిన్ కీచుమని ఆగింది. మళ్ళీ గీకాడు. గుడ్డతో తుడిచి ఇంకోసారి.

“తీసుకోలేదు అక్కా. డిక్లైన్ అంటాంది.”

“అంటే?”

“దుడ్డు లేదు కార్డులో.”

“అదెట్లప్పా? ఒగ పైసా తీయలేదే నేను. ఇరవై ఐదు వేలు ఉండాల్నే.” నా వైపు తిరిగింది. “ఓబులేసూ, పెట్టెలో పెడితే పాడయితాదా ఇది? నేనేమన్నా తప్పు సేసినానా? నా మొకానికి ఈ కార్డులెందుకు. నిన్ను కూడా అంగట్లో నిలబెట్టి మర్యాద తీసినా.”

ఆమె నాకు క్షమాపణ చెప్పింది. నాకు! నేను గోడమీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

బసవరాజు మంచివాడు. కార్డు వెనక ఉన్న నంబరుకి తనే ఫోన్ చేశాడు. అక్క పుట్టిన తేదీ, అడ్రసు అడిగారు, చెప్పాడు. విని ఫోన్ పెట్టేసి తల గోక్కున్నాడు. “అక్కా, నీ కార్డు మీద పదిహేడు వేల సిల్లర బాకీ ఉండాదంట. యారో ఎత్తుకున్నారు. బ్యాంకుకి పో. సాయంత్రం ఆరుదాకా మిషన్ ఎవురికీ ఇయ్యను. ఆరు అంటే ఆరే.”

ఎలా తెలిసిందో, మేం కాటన్‌పేటకి తిరిగొచ్చేసరికి హమాలీలకి తెలిసిపోయింది. సంఘంలో నా కుడిభుజం నాగప్ప. యాభై ఏళ్ళ మనిషి, క్వింటాలు మూట ఒక్కడే ఎత్తుతాడు. లారీ మీద నుంచే కేకేశాడు.

“ఏమంటాండారు బ్యాంకోళ్ళు? శాంతక్క దుడ్డు తినేసిరంటనే! యావన్నా సదువురాని ముండాకొడుకులు అనుకునిరా మనల్ని? ఎయ్యండిరా మూటలు కింద!”

ముప్పైమంది మూటలు దించేశారు. రమ్మంటావా అని నన్నెవరూ అడగలేదు. ఇలాంటిది జరిగితే నేను ముందు నడుస్తాను, వాళ్ళు వెనక నడుస్తారు. అది మా పద్ధతి. ఆ పద్ధతి నేర్పింది నేనే.

నడిచాను. ముందు నడిచాను. బ్యాంకు మెట్ల ముందు నాగప్ప “బ్యాంకిగె” అన్నాడు, ముప్పై గొంతులు “ధిక్కార! ధిక్కార!” అన్నాయి. తర్వాత అందరూ నా ముఖం చూశారు, నా గొంతు కోసం. నేను చెయ్యి ఎత్తాను. “బడవర దుడ్డు తిన్నవరిగె,” అన్నాను. పేదల డబ్బు తిన్నవాడికి. “ధిక్కార! ధిక్కార!” అన్నారు. నాకే ధిక్కారం పలికించుకున్నాను, అదీ ఎంత జోరుగా! అలవాటైన గొంతు అబద్ధం కూడా అంతే గట్టిగా పలుకుతుంది.

గార్డు భయపడి ఇద్దర్నే లోపలికి వదిలాడు. అక్కనీ, నన్నూ.

క్రెడిట్ కార్డుల టేబుల్ దగ్గర ఫర్హానా అనే అమ్మాయి ఉంది. కడప పిల్ల, మడివాళలో హాస్టల్లో ఉంటుందట. మేం తెలుగు అని తెలియగానే ఊపిరి పీల్చుకుంది.

“ఆంటీ, ప్లీజ్, బయట వాళ్ళని కొంచెం కామ్‌గా ఉండమనండి. నేను చెక్ చేస్తాను. యాక్చువల్‌గా ఇది పర్చేజ్ కాదు, బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్. జనవరిలో మీరే ఫారం ఇచ్చారు. ట్వెంటీ టూ థౌజండ్ వేరే కార్డుకి పే చేశాం. ఇప్పుడు అవుట్‌స్టాండింగ్ పదిహేడు వేల నాలుగు వందల అరవై.”

“వేరే కార్డా? నాకు ఇదొగటే గదమ్మా.”

ఫర్హానా లోపలికి వెళ్ళి, రెండు గంటలు కూర్చోబెట్టి, ఫారం జిరాక్సు తెచ్చి బల్ల మీద పెట్టింది. నల్లగా, గుండ్రంగా, నీటుగా ఉన్నాయి నా అంకెలు.

“ఈ నంబరు ఎవరిదో మాకు తెలీదు ఆంటీ. పేరు ఉండదు. కానీ కింద సిగ్నేచర్ చూడండి. ఇది మీది కాదు అని ఒక లెటర్ రాసిస్తే మేం డిస్ప్యూట్ వేస్తాం. అమౌంట్ హోల్డ్ అవుతుంది, లిమిట్ ఫ్రీ చేయమని నేను మేనేజర్‌తో మాట్లాడతాను. బయట అంత మంది ఉన్నారు కదా, ఈ రోజే చేస్తారు.”

నాకు దారి కనబడింది. ఎంత వెలుగుగా కనబడిందో! అక్కకి మిషన్ వస్తుంది. నా బాకీ బ్యాంకు మింగుతుంది. సంఘానికి గెలుపు. బ్యాంకులేమన్నా పుణ్యాత్ములా? ఈ మాట నాకు నేను ఎంత త్వరగా చెప్పుకున్నానో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

“రాసియ్యక్కా,” అన్నాను. “సంతకం నాది కాదని రాసియ్యి. నేను రాస్తాను, నువ్వు సంతకం వద్దు, వేలిముద్ర వెయ్యి. ఆరు లోపల మిషన్ ఇంట్లో ఉంటుంది.”

“సంతకం నాదే గదప్పా,” అంది అక్క.

“నీదే అయినా...”

“నాదే. శా కింద గీత నేనే అట్ల గీస్తా.” ఆమె కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. కళ్ళు చికిలించి చూసింది. అంకెలన్నీ వేలితో ఒక్కొక్కటీ తడుముతూ పోయింది. “సంతకం నాది. మిగిలినేది నింపింది ఎవురు?”

ఫర్హానా “మాకు తెలీదు ఆంటీ” అంది.

ఆ ప్రశ్న ఫర్హానాకి కాదు. అక్క కాగితాలు ఈ బెంగుళూరులో ఒకే ఒక్కడు నింపుతాడు. ఆమె మెల్లగా తల తిప్పి నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే బావుండేది. ఒక అంగడిలో ఇరవై ఏళ్ళు కొన్నవాళ్ళు తూకంరాయి బోలుదని తెలిసినప్పుడు చూస్తారే, అలా చూసింది.

ఆమె ఫర్హానా వైపు తిరిగింది. “నేనే వాడుకున్నా పాపా. మా చుట్టాలోళ్ళ కార్డుకి. మరిచిపోయినా. వయసాయె గదా.”

“ఆంటీ, షూరా?”

“షూరే తల్లీ. ఈ కాగితం నాకిస్తావా?”

జిరాక్సు నాలుగు మడతలు పెట్టి నడుం దగ్గర దోపుకుంది. లేచింది. నేను ఆమె వెనక నడిచాను.

మెట్ల మీద ముప్పైమంది. “ఏమాయక్కా? ఒప్పుకునిరా?”

“లేదప్పా, వాళ్ళది తప్పు లేదు. నేనే. మా చుట్టాలకి వాడి మరిచిపోయినా. పోండి, పనికి పోండి.”

ముప్పైమందీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత మొదలైంది.

“ఏమక్కా, సుమ్నే, ఊరికే మా అరదినం కూలి పోగొడితివే!”

“పీకో మిషన్ అంటివి, మాకు పీకో పెడితివి గదా!”

“ఇరవై వేలు మరిచిపోయినంటే, ఎంత గొప్పోళ్ళు చుట్టాలు!”

నవ్వులు. ఆమె తల వంచుకుని నిలబడి అన్నీ పడింది. వాళ్ళది తప్పు కాదు. రోజుకి నూట ఇరవై సంపాదించేవాడికి అరవై పోతే మండుతుంది. నేను రెండు మెట్లు పైన నిలబడి చూశాను. ఇంకొంచెం సేపు ఓర్చుకుంటే వాళ్ళు వెళ్ళిపోతారు. నేను ఓబులేసన్నగానే మిగులుతాను. ఆమె ఆ ధర చెల్లిస్తోంది, మిషన్ వదులుకుని. నా బాకీ ఇంకోసారి ఆమె మీదికి మారుతోంది.

“ఆపండి,” అన్నాను. “ఆ అప్పు నాది. అక్క ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి ఇస్తే నేను నా కార్డు నంబరు రాసుకున్నాను. అక్కకి తెలీదు.”

అప్పుడు నాగప్ప నవ్వాడు.

“సూడండిరా, మనిషంటే ఈయప్ప! అక్క మర్యాద పోతాదని తన నెత్తికి ఎత్తుకుంటాండాడు.”

“అవునన్నా, మాకు తెల్దా నీ సంగతి! సమ్మెలో మాకు బియ్యం తెచ్చినోడివి.”

చప్పట్లు కూడా కొట్టారు. నిజం చెబితే చప్పట్లు కొట్టారు! అక్కడితో వదిలెయ్యొచ్చు. చెప్పాను కదా, నమ్మకపోతే నేనేం చేస్తాను అని ఇంటికి పోవచ్చు. అంత తియ్యగా ఉంది ఆ అబద్ధం.

“అక్కా, ఆ కాగితం ఇయ్యి.”

“వద్దప్పా.” గొంతు తగ్గించింది. “వీళ్ళందరి కాగితాలూ నీ కాడ ఉండాయి. నువ్వు పడితే వీళ్ళు యాడికి పోతారు? నువ్వూ నేనూ ఇంటికాడ సూసుకుందాం.”

“ఇయ్యక్కా.”

ఇచ్చింది. నా పర్సులోంచి ఆకుపచ్చ కార్డు తీశాను. రెండూ నాగప్ప చేతిలో పెట్టాను. నాగప్పకి అక్షరం రాదు. కానీ అంకెలు వస్తాయి. రోజూ మూట మీద నంబరూ రసీదు మీద నంబరూ కలిపి చూసి గాని లారీ ఎక్కించడు. ముప్పై ఏళ్ళలో ఒక్క మూట తప్పుగా పోలేదు.

కార్డు ఎడమ చేతిలో, కాగితం కుడి చేతిలో పట్టుకుని మొదలుపెట్టాడు. మూటలు లెక్కపెట్టే గొంతుతోనే పైకి చదివాడు. మొదటి నాలుగు అంకెలకి ఇంకా పెదాల మీద నవ్వు ఉంది. ఎనిమిదికి లేదు. పన్నెండు దగ్గర ఆగి, కార్డు కిందికి దించి, చెమట తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాడు. పదహారూ చదివాడు. కార్డు మీద పేరు ఎవరిదని పక్కవాణ్ణి అడగలేదు. అది నా పర్సులోంచే వచ్చింది.

“సరిపోయినాయి,” అన్నాడు.

కార్డు నా చేతికి ఇవ్వలేదు. మెట్టు మీద పెట్టాడు. “పదండ్రా. హుబ్బళ్ళి లోడు ఉండాది.” ముప్పైమందీ వెళ్ళారు. ఒక్కడు కూడా తిట్టలేదు. తిట్లకి నేను సిద్ధంగా ఉన్నాను, దానికి సిద్ధంగా లేను.

శాంతమ్మక్క మాత్రం నిలబడింది. “ఇప్పుడు అందరి ముందర సెప్పి ఏం సేస్తివి? నీ బరువు దించుకుంటివి. నా మిషన్ వచ్చెనా?”

నిజమే. టైము చూశాను. నాలుగున్నర.

నాకు ఉన్నదల్లా ఒక పాత స్కూటరు. ఆఫీసు ముందు నుంచి తీసి నేరుగా బసవరాజు అంగడికి తోలాను. అక్క నడిచి వచ్చింది, వెనక ఎక్కనంది. బసవరాజు స్కూటరు చుట్టూ తిరిగి, కిక్కు కొట్టి చూసి, పన్నెండు వేలు అన్నాడు. బేరం ఆడలేదు. ఆర్సీ కాగితాల మీద సంతకం పెట్టి అక్కడే ఇచ్చేశాను.

“అక్కా, ఇది నా తప్పుకి...” అని ఏదో అనబోయాను.

“నోరు మూయి. నువ్వు ఇచ్చేది కాదు ఇది. నా లిమిట్ దుడ్డు నువ్వు తింటివి, నాది నేను తీసుకుంటాండా. మాఫీ గీఫీ అని మనసులో పెట్టుకోవద్దు. కార్డు మీద ఉండేది వేరే. అదీ నువ్వే కట్టల్ల, నెలనెలా రసీదు తెచ్చి పల్లవితో సదివించి నాకు సూపియ్యల్ల.”

“సరే అక్కా.”

తన చిన్న సంచిలోంచి రెండు వేలు తీసి బల్ల మీద పెట్టింది. ఇంకా నాలుగు వేల ఐదు వందలు తక్కువ. బసవరాజు గడియారం చూశాడు.

“దీపావళి అయినంక ఇస్తే సరి అక్కా. జామీను ఎవురు?”

ఆ పేటలో ఎవరికి జామీను కావాలన్నా, పెళ్ళికి షామియానా అయినా, ఆస్పత్రికి అడ్వాన్సు అయినా, నేనే ముందుకు అడుగు వేసేవాణ్ణి. అలవాటు కొద్దీ ఆ రోజు కూడా వేశాను. బసవరాజు నన్ను చూడలేదు. నా భుజం మీదుగా గుమ్మం వైపు చూశాడు. సంగతి అప్పటికే నగర్తపేట చేరింది.

గుమ్మంలో నాగప్ప ఉన్నాడు. తోపుడు బండి తెచ్చాడు, మిషన్ తీసుకుపోవడానికి.

“నేను,” అన్నాడు నాగప్ప. “అక్కకి. ఈయప్పకి కాదు, రాసుకో.”

బసవరాజు రాసుకున్నాడు. నాగప్ప మిషన్ ఒక్కడే ఎత్తి బండిలో పెట్టాడు. జారకుండా ఒక పక్క పట్టుకుందామని నేను చెయ్యి చాపాను. అక్క నాకంటే ముందు వచ్చి అక్కడ చెయ్యి వేసింది. బండి కదిలింది. ఇద్దరూ చెరోపక్కా నడిచారు. నేను నాలుగడుగులు వెనక నడిచాను. దగ్గరికి రమ్మని గానీ, వెళ్ళిపొమ్మని గానీ ఎవరూ అనలేదు.